మూత పెట్టని సీసా

కాజీపల్లిలో నేను మొదట చేరిన మందుల కంపెనీ ల్యాబ్‌లో నా పని, పొడిలో తేమ ఎంతుందో చెప్పడం. మిథనాల్‌లో పొడి వేస్తే కేఎఫ్ మిషన్ అయోడిన్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతుంది. నీళ్లున్నంతసేపూ అయోడిన్ ఖర్చవుతుంది. నీళ్లయిపోగానే మిషన్ ఆగి లెక్క చూపిస్తుంది. మా పొడికి అర శాతం దాటకూడదు.

డ్రయ్యర్ నడిపేది పక్క ఊరి పెద్దమనిషి. అందరికీ కాకా. పొడి ఎండిందో లేదో డ్రయ్యర్ తిరిగే చప్పుడు విని చెప్పేవాడు.

ముసురు పట్టిన రోజు. ల్యాబ్‌లో ఏసీ చెడిపోయి కిటికీలు తెరిచి ఉన్నాయి. కాకా తెచ్చిన శాంపిల్ సీసా మూత తీశాను. ఫోన్ మోగితే బయటికి వెళ్లి పావుగంట మాట్లాడి వచ్చాను. అప్పుడు మొదలుపెట్టాను. సున్నా పాయింట్ ఆరు వచ్చింది. మళ్లీ చేస్తే సున్నా పాయింట్ ఎనిమిది. మూడోసారి ఒక శాతం. అప్పుడు గానీ పక్కనున్న మూత కనబడలేదు. గాలిలోని తేమను పొడి పీలుస్తోంది.

కొత్త శాంపిల్ అడగాలంటే మూత సంగతి చెప్పాలి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తేమ వరసగా పెరగడం ఎవరికంటా పడకుండా మూడో రీడింగ్ కాగితం చించేసి, మొదటి రెండే రాసి ఫెయిల్ అన్నాను.

కాకా వచ్చాడు. "మేడం, జెర ఇంకోపారి సూడుండ్రి. పొడి మంచిగనే ఎండింది. నేను ఇన్న."

"నీ చెవులకు కాలిబ్రేషన్ ఎప్పుడైంది కాకా?" అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కాకా నా బల్ల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

బ్యాచ్‌ను మళ్లీ ఎండబెట్టారు. వేడెక్కువై రంగు మారింది. అదీ ఆయన మీదే పడింది. డ్రయ్యర్ నుంచి తీసేసి డ్రమ్ములెత్తే పనిలో వేశారు. చివరిదాకా అదే పని. గేటు దగ్గర ఎదురైతే "మంచిగున్నవా బిడ్డా" అనేవాడు. నిజం చెప్పడానికి ఎనిమిదేళ్లు దొరికాయి నాకు.

పోయిన నెల ఆయన చనిపోయాడు. పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది.

"ల్యాబ్‌ల ఓ పిల్ల సీసకు మూత పెట్టుడు మర్సిందట. ఈయన సూసిండు. మరి ఎందుకు చెప్పకపోతివి అంటే, 'చెప్తె ఆ పిల్ల నౌకరి పోతది, నాకైతే పని మారుతది గంతే' అన్నడు. గా డ్రమ్ములతోనే నడుము పాయె." నా వైపు తిరిగి అడిగింది. "ఆ పిల్ల నీకు ఎరికేనా బిడ్డా?"

"ఎరికే" అన్నాను.

ఎవరని ఆమె అడగలేదు. నేను చాయ్ తాగేసి, గ్లాసు కడిగి పెట్టి వచ్చాను.