నాన్న ఇంజన్‌కు వెల్డింగ్

నిన్న వనపర్తిలో మా తమ్ముడి షోకేసులో నాన్న చేసిన చిన్న రైలింజన్ కనిపించింది. గద్వాలలో మా వాడకట్టు పిల్లలకు గుర్తుండే ఉంటుంది. స్పిరిట్ దీపం వెలిగిస్తే బాయిలర్‌లో నీళ్లు మరిగి, వేడి నూనె వాసనతో, నిజం ఆవిరితో పరుగెత్తేది. మంచం కోడు దగ్గర పట్టాలు మలుపు తిరిగితే అదీ నడుము దగ్గర వంగి తిరిగేది. ఆ కీలు కోసం నాన్న ఎండాకాలమంతా ఆకురాయి పట్టాడు.

చేతిలోకి తీసుకున్నాను. వంగలేదు.

“ఊగుతున్నదని వెల్డింగ్ కొట్టించిన అన్నా. ఇప్పుడు సక్కగ నిలబడ్డది,” అన్నాడు తమ్ముడు.

“మలుపు ఎట్ల తిరుగుతదిరా?”

“షోకేసుల మలుపెందుకన్నా?”

ఒళ్లు మండింది. పొగగొట్టంలో వాడు గుచ్చిన ప్లాస్టిక్ గులాబీని పీకి పారేశాను. ఇంజన్ ఇప్పుడు నా ఒళ్లో ఉంది. వాడిని అడిగి తేలేదు.