దీవిలో విప్పిన కట్టు

మా ఆయన కాలి చిటికెన వేలు సముద్రం మింగేసిందని మా వీధి వీధంతా అంటోంది. పాలాయన అదే మాట, షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముసలమ్మదీ అదే మాట. సముద్రం దాటి ఊరేగడానికి మొగుణ్ణి లాక్కుపోయిందని నా మీద అందరికీ కోపం. ఆ సముద్రం ఏం చేసిందో, ఏం చెయ్యలేదో చూసినవాళ్ళం ఇద్దరమే. ఆయన నెల రోజులు నోరు విప్పలేదు. ఇక మిగిలింది నేను.

మాది తమిళనాడులోని రాజపాళయం, ఇంట్లో మాట మాత్రం తెలుగే. పని పక్కనే ఉన్న సత్రపట్టిలో, మరమగ్గాల షెడ్డులో. ఆయన మగ్గాలు చూసుకుంటాడు. నేను నేసిన గుడ్డను బల్ల మీద పరిచి, పోగు తెగిందా, సందు పడిందా అని చూస్తాను. మేం నేసేది చీరా కాదు, పంచే కాదు. ఆసుపత్రుల్లో పుండ్లకు కట్టే పల్చటి గుడ్డ. మా షెడ్డులో నేత మాత్రమే. గంజి వాసన పోని ఆ కోరాగుడ్డను బేళ్ళు కట్టి లారీకెక్కిస్తే, అది ఎక్కడికో పోతుంది, తెల్లగా తయారవుతుంది. ఆ తెలుపు అందం కోసమనే మేమందరం అనుకున్నాం. పదిహేనేళ్ళు అలాగే అనుకున్నాం.

షెడ్డులో ఎవరికి దెబ్బ తగిలినా మగ్గం మీది గుడ్డలోంచి ఒక తుంపు చించి, కాస్త పసుపు అద్ది కట్టడం మా వాడుక. వేలు నలిగినా అదే, మోకాలు చెక్కుకుపోయినా అదే. ఒకసారి ఒకతను మెడికల్ షాపులో కట్టుగుడ్డ కొని కట్టుకొస్తే, "కుమ్మరోడు కుండ కొనుక్కోని వచ్చినాడు" అని నెల రోజులు ఏడిపించారు. అలా నవ్విన వాళ్ళలో నా గొంతూ ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని లోకం అంటుంది. మా ఊళ్ళో పెరటి చెట్టు తప్ప మరోటి పనికిరాదు.

ప్రయాణం సంగతికి వస్తాను. పెళ్ళైన కొత్తలో ఆయన అండమాన్ తీసుకెళ్తానన్నాడు. ఆయన నా మేనత్త కొడుకే, చిన్నప్పటి నుంచి బావా అని పిలిచినవాణ్ణే చేసుకున్నాను, కాబట్టి ఆ మాట మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో నాకు తెలిసే ఉండాలి. పన్నెండేళ్ళు ఆగాను. ఈ ఏడు షెడ్డులో పాత మగ్గాలు తీసి కొత్తవి బిగిస్తున్నామని పదిహేను రోజులు మూసేశారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని నేను పట్టుబట్టాను. అవును, పట్టుబట్టింది నేనే, ఆ నేరం ఒప్పుకుంటాను. కూతుర్ని అత్త దగ్గర వదిలి, వీపున వేసుకునే సంచులు రెండు సర్దాం. పెట్టెలు మోసుకుంటూ దీవికీ దీవికీ పడవ ఎక్కలేమని ఆయనే అన్నాడు.

ఆ సంచులు చూసి అత్త ముక్కున వేలేసుకుంది. "మూటలు మోసేవాళ్ళ మాదిరి వీపున వేసుకోని పోతారా? చూసినవాళ్ళు ఏమనుకుంటారే?" అంది. అన్నదే గాని, మాగాయ సీసా, అన్నంలోకి పొడి డబ్బా, రెండు మూరల కోరాగుడ్డ మడిచి నా సంచిలో తానే పెట్టింది. "దెబ్బా గిబ్బా తగిలితే యాడ వెతుకుతావు? మన గుడ్డ మన దగ్గర ఉండనీ."

చెన్నైలో ఓడ ఎక్కాం. మూడు రోజులు. ఆయన మొదటి రోజంతా కక్కుతూనే ఉన్నాడు. నాకేమీ కాలేదు, అది తల్చుకుని ఇప్పటికీ కాస్త గర్వపడతాను. దిగిన తర్వాత రెండు రోజులు బాగా గడిచాయి. నీళ్ళు అంత పచ్చగా ఉంటాయని ఎవరు చెప్పినా నమ్మి ఉండను. ఆయన ప్యాంటు మడుచుకుని మోకాళ్ళ లోతుకు దిగి, "ఇదంతా ఎవరు రంగు వేసినారు?" అన్నాడు. ఎప్పుడూ ఆచితూచి మాట్లాడే మనిషి. నాకు చాలా సంతోషమేసింది. ఆ సంతోషాన్ని కూడా ఇప్పుడు తప్పు కింద జమ కడుతున్నారు, అదీ నా మంట.

రెండో దీవిలో ఆయన పగడపు రాయి మీద కాలు వేశాడు. చిటికెన వేలి మొదట్లో కోసుకుంది. పెద్ద గాయమేం కాదు. మేం దిగిన ఇంటావిడ తమిళం మాట్లాడేది, వాళ్ళ తాతలు మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళట. రక్తం చూడగానే లోపలికెళ్ళి మందుల డబ్బా తెచ్చింది. అందులో అతికించిన కాగితపు పొట్లంలో కట్టుగుడ్డ. పగడం కోసిన గాయాన్ని సబ్బునీళ్ళతో బాగా కడగాలని, ఆ పొట్లంలోదే కట్టాలని చెప్పింది.

మా ఆయన ఆ పొట్లం అందుకుని, వెలుతురుకు పట్టి, పోగులు లెక్కపెట్టినట్టు చూశాడు. తర్వాత నాకేసి తిరిగి తెలుగులో, "చూడు, మనం నేసిందే మనకు పొట్లం కట్టి ఇస్తా ఉన్నారు" అని నవ్వాడు. ఆమెతో తమిళంలో, ఈ గుడ్డ నేసేది మేమే, మా దగ్గర ఉందని చెప్పి పొట్లం వాపసు ఇచ్చేశాడు. ఆ నవ్వులో నేనూ కలిశాను. సంచిలోంచి అత్త పెట్టిన గుడ్డ తీసి, సముద్రపు నీళ్ళతోనే కాలు తుడిచి, పసుపు లేకపోతేనేం, పొడి డబ్బాలో ఉన్న పసుపు వాసనే చాల్లే అని ఎగతాళి చేస్తూ, నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాను. గట్టిగా వేశాను. ఊడకూడదని.

కోరాగుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. పొడవు కొలిచేటప్పుడు తడి తగలకూడదని కొత్తగా చేరిన ఆడవాళ్ళకు చెప్పేదాన్నే నేను. ఆ తర్వాత రెండు రోజులూ ఆయన ఆ కట్టుతోనే పడవలెక్కాడు, దిగాడు, నీళ్ళలో నడిచాడు. తడిసింది, ఆరింది, మళ్ళీ తడిసింది. రెండో రోజు సాయంత్రానికి కాలు సలుపుతోందన్నాడు. విప్పి చూస్తానంటే, "సుమ్మా ఊరుకో. విప్పితే మళ్ళీ రక్తం వస్తుంది. షెడ్డులో ఎన్ని చూడలేదు?" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. మర్నాడు ఇంకో దీవికి టికెట్లు ఉన్నాయి. నాకు ఆ దీవి చూడాలని ఉంది.

ఆ దీవిలో దిగేసరికి ఆయన ఒళ్ళు కాలిపోతోంది. ఒడ్డున ఇసకలో సంచికి ఆనుకుని కూర్చున్నవాడు లేవలేకపోయాడు. కాలు వాచి చెప్పులో పట్టడం లేదు. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. ఎవరో ఇద్దరు చేతులు కలిపి జీపు ఎక్కించి రేవుకు చేర్చారు. వచ్చిన పడవలోనే వెనక్కి, అక్కణ్ణుంచి మేం ఓడ దిగిన ఊళ్ళోని పెద్దాసుపత్రికి. సంచులు రెండూ నేనే మోశాను, ఒకటి వీపున, ఒకటి ముందు.

ఆసుపత్రిలో నర్సు ఆ కట్టును విప్పలేకపోయింది. ముడి రాయైపోయింది. కత్తెరతో కత్తిరించి, నీళ్ళు పోస్తూ ఊడదీసింది. గుడ్డ పుండులోకి అతుక్కుపోయి ఉంది. వేలు నల్లబడింది. డాక్టరు తమిళుడే, వయసు మళ్ళినవాడు. ఆ తుంపును పట్టకారుతో ఎత్తి, "ఇది ఎవరు కట్టారు?" అన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. "మేమే" అన్నాను. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. డాక్టరు ఆ తుంపును పళ్ళెంలో పడేసి, "కట్టుగుడ్డ నేసే ఊరివాళ్ళేనా ఇలా కట్టేది?" అన్నాడు.

ఇది ఇంకా గంజి, నూనె, దుమ్ము నిండిన గుడ్డమ్మా అని చెప్పాడు. ఉడకబెట్టి, చలవ చేసి, ఆవిరి పట్టించి, పొట్లంలో మూసిన తర్వాతే ఇది పుండు మీద వేసే గుడ్డ అవుతుందట. అంతవరకు వంటింట్లో మసిగుడ్డకూ దీనికీ తేడా లేదట. పైగా తడికి బిగుసుకుని వేలికి రక్తం పోనివ్వలేదట. రెండు రోజులు చూస్తాను, రంగు తిరిగితే సరే, లేకపోతే వేలు తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే పాదం మీదికి వస్తుందన్నాడు.

ఆ రెండు రోజులూ నేను ఆ వేలిని చూస్తూ కూర్చున్నాను. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడి తిరిగే మనిషికి పాదం పోతే ఏం మిగులుతుంది? కిటికీలోంచి చూస్తే ఆ పచ్చ నీళ్ళే. చూడబుద్ధి కాలేదు. కోపం మాత్రం మా షెడ్డు మీదికే పోయింది. ఆసుపత్రి గుడ్డ నేసేవాళ్ళకు అది ఆసుపత్రి గుడ్డ ఎప్పుడవుతుందో పదిహేనేళ్ళలో ఒక్క మేనేజరూ చెప్పలేదు. పోగుకు ఇంత, గజానికి ఇంత అని గొంతు చించుకునేవాళ్ళు, దీన్ని గాయానికి కట్టుకోకండి అనే ఒక్క ముక్క గోడ మీద రాయించలేకపోయారు. మేం తుంపులు చించి కట్టుకుంటుంటే వాళ్ళు పక్కనే నిలబడి చూశారు. రోజూ చూశారు.

మూడో రోజు పొద్దున వేలు తీసేశారు. పాదం దక్కింది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు జాతర. వచ్చినవాళ్ళందరికీ అత్త ఒకటే కథ. "సముద్రం దాటొద్దు దాటొద్దు అని తలకాయ కొట్టుకుంటిని. విన్నారా?" వచ్చినవాళ్ళు నన్ను చూసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనేవాళ్ళు. నేను కాఫీ కలిపి ఇచ్చేదాన్ని, వాళ్ళు తాగుతూ నన్ను అనేవాళ్ళు. మాగాయ సీసా సంగతి అత్త చెప్పేది, కోరాగుడ్డ సంగతి చెప్పేది కాదు. మా ఆయన గోడకు ఆనుకుని, కాలు దిండు మీద పెట్టుకుని అంతా వినేవాడు. డాక్టరు మాట ఆయనా విన్నాడు. తన చేతి నేత మీద పడిన మాట కాబట్టి మింగేశాడు. ఆయన నేతకు మచ్చ రాకూడదు, నా పేరుకు వచ్చినా పర్వాలేదు. నెల రోజులు నేను ఆ మౌనాన్ని చూసి పళ్ళు కొరుక్కున్నాను.

ఒక ఆదివారం పక్కింటి ఆడవాళ్ళు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. పుండుకు కట్టు మార్చే వేళ. నేను మెడికల్ షాపు పొట్లం, కత్తెర తీసుకుని వచ్చేసరికి, అత్త గిన్నెలో పసుపు ముద్ద, పక్కన మడత పెట్టిన కోరాగుడ్డ తుంపుతో కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

"వదులే" అంది అత్త. "నా బిడ్డకు నేను కట్టు కట్టకూడదా?"

"ఆ గుడ్డ వద్దు అత్తా. వేలు పోయింది ఆ గుడ్డతోనే. డాక్టరు చెప్పినాడు."

పక్కింటివాళ్ళు కాఫీ గ్లాసులు కింద పెట్టారు. అత్త ముఖం ఎర్రబడింది. "నా కొడుకు నేసిన గుడ్డ కుళ్ళిందంటావా? నీ ఊరేగింపును మూసిపెట్టేదానికి వాని చేతిపని మీద తోస్తావా?" అని కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పురా. ఇది అనేది విన్నావు గదా. చెప్పు."

నేనూ ఆయన్నే చూశాను. ఈసారి కూడా గోడకేసి తిరిగితే ఆ పొట్లం ముఖాన కొట్టి పుట్టింటికి పోదామనే ఉంది నాకు.

ఆయన అమ్మ చేతిలోంచి తుంపు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "నేను నేసిందేమ్మా ఇది" అన్నాడు. "దీంతోనే పోయింది. సముద్రం ఏమీ చెయ్యలే." కాస్త ఆగి, "నేనే కట్టుకున్నాను. నీ కోడలు వద్దు వద్దనే అనింది. నేనేదా వినలే" అన్నాడు.

పక్కింటివాళ్ళు నన్ను కొత్తగా చూశారు. ఒకామె జాలిగా నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. నెల రోజులుగా నేను ఎదురుచూసిన మాట అది, అడిగినదానికంటే రెండింతలు ఇచ్చాడు. అందులో సగం అబద్ధం. ఆ అబద్ధం నాకోసమే. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు విప్పాల్సిన నెలంతా మూసుకుని, విప్పిన రోజున నన్ను ఇలా రుణపడేట్టు చేస్తాడా? ఊరుకుంటే చాలు, ఈ వీధిలో ఇక నన్నెవరూ ఏమీ అనరు. ఊరుకుందామనే అనిపించింది కూడా.

"నేను వద్దనలేదు అత్తా" అన్నాను. "కట్టింది నేనే. తడిస్తే బిగుసుకుంటుందని తెలిసీ ముడి గట్టిగా వేసినాను. విప్పతానని ఒక్కసారి అడిగి, ఊరుకున్నాను. నాకు ఇంకో దీవి చూడాలని ఉండింది."

భుజం మీది చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఆ గుడ్డ సంచిలో పెట్టి పంపింది తానని అత్త అనలేదు, ఈ రోజు వరకూ అనలేదు. గిన్నె పక్కకు నెట్టి, కొడుకు మడమ కింద రెండు చేతులూ పెట్టి కాలు పైకెత్తి పట్టుకుంది.

"శరి, చించు ఆ పొట్లం" అంది నాతో. "ముడి మాత్రం వదులుగా వెయ్యి."