హన్మాండ్లు సారు బావి లెక్క

బోధన్ మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పే హన్మాండ్లు సారుకు, లెక్కకు లొంగని పని లోకంలో ఉందంటే నమ్మకం లేదు. చెరకు బండి ఫ్యాక్టరీ గేటుకు ఎప్పుడు చేరుతుందో, పప్పు ఎంతసేపటికి ఉడుకుతుందో కాగితం మీద వేసి చెప్పేవాడు. పప్పు విషయంలో చాలాసార్లు తప్పేదనుకోండి, అది వేరే సంగతి. ఇంత పెద్దమనిషికి ఈత రాదు. మాక్లూర్ బావుల మధ్య పెరిగి ఈత రాకపోవడమేమిటండీ! చిన్నప్పుడు నీళ్లంటే భయం, పెద్దయ్యాక ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో చందూర్ పిల్ల గంగమణితో పెళ్లయింది. గండం అక్కడ మొదలైంది. కొత్త అల్లుడు మొదటి ఎండాకాలం వచ్చినప్పుడు మోటబావి గట్టు మీది నుంచి దూకాలని ఆ ఇంటి ఆనవాయితీ. దూకి వచ్చాకే యాటకూర, అంటే మేకమాంసం, వడ్డిస్తారు. దూకనివాణ్ణి బావమరుదులు బతికినంతకాలం ఏడిపిస్తారు.

సారు తన సంగతి భార్య ఒక్కదానికే చెప్పాడు. గంగమణి ఆ బావిలోనే ఈదుతూ పెరిగిన పిల్ల. తాను నేర్పుతానంది. సారు మొహం మాడ్చుకున్నాడు. పెళ్లాం దగ్గర ఈత నేర్చుకున్నాడని ఊళ్లో పాకితే తలెత్తుకుని తిరగగలడా? అవసరం లేదు, లెక్క ఉందన్నాడు.

ఉంది మరి. కాలాన్ని చిన్న చిన్న తునకలుగా కోయాలి. ఒక్కో తునకలో మనిషి ఎంత కిందికి పోయాడు, ఎంత వేగంగా పోయాడు, నీళ్లు ఎంత బలంగా పైకి నెట్టాయి అని చూసి, ఆ జవాబుతో తర్వాతి తునక మొదలుపెట్టాలి. కాలు గట్టు వదిలింది మొదలు, నీళ్లను తాకడం, మునగడం, ఆగడం, మళ్లీ తల బయటపడడం దాకా అత్తగారి అరుగు మీద కూర్చుని వేశాడు. సరిచూసుకోవడానికి గంగాళం నిండా నీళ్లు పోయించి మిద్దె మీది నుంచి వంకాయ వదిలాడు. అది బుడుంగున మునిగి, లెక్క చెప్పినట్టే పైకి తేలింది. కూరకు తెచ్చిన వంకాయలన్నీ అలా స్నానాలు చేస్తుంటే, అల్లుడికి ఏ గాలి సోకిందోనని అత్త రేణుకమ్మ హడలిపోయింది.

చివరికి జవాబు వచ్చింది. నిలువున్నర లోతుకు పోతాడు, తనంతట తానే పైకి వస్తాడు, అక్కడ వేలాడే మోటతాడు పట్టుకుంటాడు. ఇక ఈతతో పనేముంది?

మర్నాడు ఇంటిల్లిపాదీ బావి చుట్టూ చేరారు. సారు పంచె బిగించి దూకాడు. దూకాడు గానీ, గాలిలో ఉండగానే తల్లిని తలుచుకుని ఒక్క పొలికేక పెట్టాడు. ఆ కేకతో రొమ్ములో గాలంతా ఖాళీ అయింది. లెక్కలో మాత్రం రొమ్ము నిండా గాలి ఉంది! వంకాయ కేకలు పెట్టదు కదా. సారు మునిగిన చోటే ఉండిపోయాడు.

పైన నవ్వులే నవ్వులు. బావ అడుగున కూసోని లెక్కలు చేస్తుండని చిన్న బావమరిది లింబయ్య వేళాకోళం. తెలిసింది గంగమణికి ఒక్కదానికే. చీర గోచీ పోసి దూకి, జుట్టు పట్టి లాక్కొచ్చి మెట్ల మీద పడేసింది.

సారు నీళ్లు కక్కుకుని, ఊపిరి కూడదీసుకుని, తప్పంతా గాలి దగ్గరే జరిగిందని చెప్పబోయాడు. గంగమణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గన్ని కాయితాలు రాసిండ్రు గద, అండ్ల నేను యాడున్న?" అంది.

సారు ఆ కాగితాలన్నీ మనసులోనే తిరగేశాడు. తన బరువు రాశాడు, బావి లోతు రాశాడు, నీళ్ల బలం రాశాడు. మునిగితే దూకి తీసే మనిషి గట్టు మీదే ఉందని ఎక్కడా రాయలేదు. రాయడమెందుకు, అనుకోనే లేదు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. కానీ ఆ సిగ్గు ఈత రానందుకు కాదు. తలెత్తి పైకి చూశాడు. నవ్వు మానేసి, బెదిరిపోయి బావమరుదులంతా తొంగి చూస్తున్నారు.

"లింబయ్యా, నాకు ఈత రాదు," అన్నాడు గట్టిగా. "రేపటిసంది మీ అక్క నేర్పుతది. మీరందరు వచ్చి సూడుండ్రి."

గంగమణి నవ్వుతూనే ఏడ్చేసింది.