తొలి పాయసానికి బాలమణక్క పాలు

సిద్దిపేటలో పాలకు కరువా? మా ఇంటి వెనకే నాలుగు బర్రెలు కట్టేసి ఉంటాయి. అయినా 2012 వేసవిలో నా కూతురికి ఆరో నెల రాగానే, అన్నప్రాశన పాయసానికి పాలు చిక్కడపల్లివే కావాలని పట్టుబట్టాను. పాల కోసం పట్నం పోయే పిచ్చిదాన్ని ఎక్కడా చూడలేదని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ. పెళ్లయ్యేదాకా నేను పెరిగింది అశోక్‌నగర్‌లో కిరాయింట్లో. చిక్కడపల్లి సందులో బాలమణక్క తన కొట్టంలో పాలు పితుకుతుంటే గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. కాస్త ఘాటుగా, కాస్త తియ్యగా ఒక వాసన వచ్చేది. పెళ్లయ్యాక ఏ పాలలోనూ ఆ వాసన దొరకలేదు. నా బిడ్డ నోట్లో మొదట పడేవి ఆ పాలే కావాలని ప్రాణం కొట్టుకుంది.

బంద్ లేని రోజు చూసుకుని పొద్దున ఏడింటికి పిల్లతో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. టికెట్ డెబ్బై లోపే. తొమ్మిదిన్నరకల్లా జూబ్లీ బస్టాండ్‌లో దిగి, ఆటోలో నారాయణగూడలోని మా పిన్ని ఇంటికి చేరాం. చంటిపిల్లతో సిటీబస్సు పెట్టుకోకండి. ఆటోకు మాత్రం ముందే మాట్లాడుకోండి. మా ఆటో అన్న ఎందుకొచ్చారని అడిగితే పాల సంగతి చెప్పాను, దారంతా అద్దంలో నన్ను అనుమానంగా చూశాడు. మూడున్నరకు పిల్లకు పాలిచ్చి, పడుకోబెట్టి, పిన్నికి అప్పగించి, స్టీలు క్యాన్‌తో బయల్దేరాను. నడిస్తే పావుగంట దారే కానీ, ఆగలేక అశోక్‌నగర్ చుట్టి వెళ్లాను. మేమున్న ఇల్లు గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టలైపోయింది. మా వంటింటి కిటికీకి ఎవరివో తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. ఎందుకొచ్చానా అనిపించింది.

కొట్టం మాత్రం ఉంది. ఎనిమిది బర్రెల్లో రెండే మిగిలాయి. బాలమణక్కకు అరవై దాటి ఉంటాయి, అయినా గుమ్మంలోనే గుర్తుపట్టి నా బుగ్గలు పుణికింది. లోపలికి అడుగు పెట్టానో లేదో అదే వాసన! కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పాల వాసన కోసమే వచ్చానని చెప్పి క్యాన్ చాపాను. ఆమె క్యాన్ అందుకోలేదు. బర్రె వీపు మీద చెయ్యి రాసి, వేళ్లకంటిన తెల్ల పొడి చూపించింది.

“గది పాల వాసన కాదు బిడ్డ. పిడుదుల మందు.”

ఒంటికి పట్టిన పిడుదులు నెత్తురు పీలుస్తుంటే బర్రె తోక విసురుతూ కుదురుగా నిలబడదు. అందుకని పాలు పితికే ముందే మందు పొడిని గుడ్డలో మూట కట్టి ఒళ్లంతా రాసి, అదే చేత్తో పొదుగు దగ్గర కూర్చోవడం ఆమె అత్తగారి కాలం నుంచీ అలవాటట. ఆ మందు చర్మంలోంచి పాలలోకి దిగుతుందని రెండేళ్ల కింద పశువుల డాక్టరు చెప్పాడట. అప్పటి నుంచి మందు రాసిన తర్వాత కొన్నాళ్లు పాలు పారబోస్తోంది. నిన్ననే రెండింటికీ రాసింది. నా ఖర్మ!

చిన్నప్పటి నుంచీ మేం తాగినవి అవేనా అని గట్టిగానే అడిగాను, కోపం ఆగలేదు.

“గప్పుడు ఎరుకలేదు బిడ్డ. నా పిల్లలకు గూడ గవ్వే తాపిన” అన్నది తలొంచుకుని.

ఆశ చావక, పిల్లకు వద్దులే, నాకన్నా ఒక్క గ్లాసు పొయ్యమని బతిమాలాను. పిల్ల ఇంకా నా పాలే తాగుతోందా అని అడిగింది. అవునన్నాను.

“మరి బర్రెకొక న్యాయం, నీకొక న్యాయమా? నువ్వు తాగితే పిల్ల తాగినట్టే.”

ఖాళీ క్యాన్‌తో తిరిగొచ్చాను. మర్నాడు పిన్ని ఇంట్లోనే, ప్యాకెట్ పాలతో పాయసం వండాం. అవి ఏ బర్రెవో, దానికి ఎప్పుడు మందు రాశారో అడుగుదామంటే అక్కడ మనిషే లేడు. ఇప్పటికీ చిక్కడపల్లి పాలు తలుచుకుంటే నోరూరుతుంది. తెలిసి కూడా ఊరుతుంది, అదే బాధ. మీరూ విడి పాల కోసం అంత దూరం వెళ్లేట్టయితే, బర్రెలకు మందు ఎప్పుడు రాశారో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఇయ్యాల వద్దని చెప్పే మనిషి దొరికితే, ఆ మనిషి దగ్గరే పాలు పోయించుకోండి.