ఆరని కాయను దాచని పెద్దమ్మ

పోయిన సోమవారం పొద్దున సత్తెనపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసి, "పెద్దమ్మ ఇక లేదే" అంది. రెండోసారి పక్షవాతం. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదట.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మిర్చి వేసేది. కల్లంలో ఎండిన కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. గింజలు గలగలమంటేనే బస్తాకెత్తమనేది. ఎవరైనా తొందరపడి ఆరని కాయల్ని అడుగున తోసేస్తే, "నా కళ్ళు కప్పావు సరే, బూజు కళ్ళు కప్పగలవటే?" అంటూ బస్తా మొత్తం గుమ్మరించేది. నేను ఓ మూల పుస్తకం పట్టుకుని కూర్చుంటే, "కాన్వెంటు దొరసానీ, ఒక్క పేజీ నాక్కూడా చదవ్వే" అనేది. చదివితే చివరిదాకా వినేది.

అమ్మమ్మ పక్షవాతంతో పోయిందని మావాళ్ళు అందరికీ చెప్పేవారు. మామయ్య సంగతి మాత్రం చెప్పేవారు కాదు. ఆయన ఏళ్ల తరబడి గది దాటి రాలేదు. ఎవరైనా అడిగితే వేరే ఊళ్ళో ఉద్యోగమనేవారు. వైద్యం లేకుండానే పోయాడు.

నిరుడు పెద్దమ్మకు మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు డాక్టరుగారు, "ఇంట్లో ఇంకెవరికైనా పక్షవాతం గానీ, మానసిక జబ్బులు గానీ ఉన్నాయా?" అని అడిగారు.

"మా అమ్మకి పక్షవాతమండి. రెండోది మా ఇంటా వంటా లేదండి," అంది అమ్మ.

పెద్దమ్మ వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడదీసుకుంది. "ఉందండి. మా తమ్ముడికి." తర్వాత ఎడమచేత్తో నన్ను చూపించింది. "ఈ పిల్లకీ మూడు నెలలుగా నిద్ర లేదు, తిండి లేదు. దీన్నీ చూడండి."

నేనెవరికీ చెప్పలేదు. ఆమె ఎప్పుడు గమనించిందో.

"అక్కా! పెళ్ళి కావాల్సిన పిల్లే!"

"పెళ్ళికి ముందు పిల్ల ఉండాలిగా."

రెండు జబ్బుల వెనకా కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉండవచ్చని డాక్టరుగారు చెప్పారు. అంతమాత్రాన వచ్చి తీరుతుందని కాదు, ముందే తెలిస్తే జాగ్రత్తపడవచ్చు అన్నారు. ఆ రోజే నాకూ మందులు రాశారు. ఇప్పుడు కొంచెం నిద్ర పడుతోంది. బీపీ కూడా చూపించుకుంటున్నాను.

కుడిచెయ్యి పడిపోయాక పెద్దమ్మ కాయను ఎడమచేత్తో ఆడించడం నేర్చుకుంది. చివరిసారి నేను కల్లానికి వెళ్ళినప్పుడు ఓ కాయను నా చెవి దగ్గర ఆడించింది.

"ఆరిందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"తొందరేముందిలే" అని, నా నీడ పడని చోటు చూసి, దాన్ని మళ్ళీ ఎండలో పెట్టింది.