లైన్‌మన్‌కి ఇల్లు దొరకని ఊరు

నా చిన్నప్పుడు మా ఊరికి కరెంటు వచ్చింది గానీ, ఆ కరెంటు చూసుకునే మనిషికి మాత్రం ఊళ్ళో చోటు దొరకలేదు. ఊరి పేరు చెప్పను. చెబితే మా వాళ్ళు "ముసల్దానికి నోరాగదు" అంటారు. రాయదుర్గం మెట్రో దిగి ఆటో ఎక్కితే పావుగంటలో వచ్చేస్తుంది, అంతవరకు తెలిస్తే చాలు. అప్పుడక్కడ జొన్నచేలు, రాళ్ళగుట్టలు ఉండేవి. ఇప్పుడు అద్దాల ఆఫీసులు, ముప్పై అంతస్తుల ఇళ్ళు. మా పొలం తీసుకున్నందుకు బిల్డరు ఇచ్చిన రెండు ఫ్లాట్లలో ఒకదాంట్లో నేనుంటున్నాను.

ఇన్నేళ్ళకి ఆ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ ఒక కాగితం పట్టుకొచ్చాడు. మొన్నటి వానకి మా రోడ్డు మీద మోకాటిలోతు నీళ్ళు నిలిచాయి. కాలవ మూతలు తీయాల్సిన మునిసిపల్ మనుషులు ఎక్కడో షాద్‌నగర్ అవతలి నుంచి బస్సులు మారి వచ్చేసరికి కింద సెల్లారులో పెట్టిన కార్లన్నీ మునిగాయి. అందుకని నగరంలో పనిచేసే మునిసిపల్ ఉద్యోగులు నగరం హద్దుల్లోనే కాపురముండాలని రూలు తేవాలట. దాదాపు అందరూ సంతకాలు పెట్టేశారు. "మీరూ పెట్టండి ఆంటీ, మంచి పనే కదండీ" అన్నాడు. గోదావరి వైపు కుర్రాడు, మర్యాదస్థుడే. కళ్ళజోడు కనబడటం లేదని చెప్పి పంపించేశాను. అది నా నెత్తిమీదే ఉంది. అతనూ చూశాడు, పాపం.

ఇక అసలు సంగతికి వస్తాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా ఊరికి కొత్తగా వేసిన లైన్‌మన్‌కి ముప్పై ఏళ్ళుంటాయేమో. ఖాకీ చొక్కా, సైకిలు హ్యాండిలుకి వేలాడే తాడుచుట్ట. ఆయన స్తంభం ఎక్కితే పిల్లలమంతా కింద గుమిగూడి నోళ్ళు తెరుచుకొని చూసేవాళ్ళం. లైన్‌మన్ పనిచేసే ఊళ్ళోనే ఉండాలని వాళ్ళ ఆఫీసు రూలు. ఎందుకో చెప్పనక్కర్లేదు, తెగిన తీగ ఎవరి కోసమూ ఆగదు కదా. అందుకే వచ్చిన మొదటి వారమే ఆయన ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. ముందు మా ఇంటికే వచ్చాడు. మా వాకిలి పక్కన, వీధిలోకి తలుపున్న అర్ర ఒకటి ఖాళీగా ఉండేది. అర్ర అంటే మా వైపు గది. మా ఇంట్లోకి అడుగు పెట్టకుండానే అందులో సంసారం చేసుకోవచ్చు.

మా తాత అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. కిరాయి ఎంతిస్తావని అడగలేదు, ఎంతమంది ఉంటారని అడగలేదు. "ఏమోళ్ళు మీరు?" అన్నాడు. కులం అడిగే పద్ధతి అది. ఆయన దాచకుండా చెప్పాడు. తాత నిదానంగా పొగ వదిలి, "అయ్యో, ఆ అర్రల ఎండుమిర్చి పోసినం గద బిడ్డా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అందులో మిర్చి కాదు కదా, మిరపగింజ కూడా లేదు. పొద్దున్నే అక్కడ గచ్చకాయలు ఆడి వచ్చిన దాన్ని నేను. చెబుదామని నోరు తెరిచి, తాత చూసిన చూపుకి మూసేశాను.

ఆ వారమంతా ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఒకరింట్లో కూతురు పురుటికి వస్తుందన్నారు, ఆ కూతురికి ఇంకా పెళ్ళే కాలేదు. ఇంకొకరింట్లో కప్పు కురుస్తుందన్నారు, నడి ఎండాకాలంలో! ఎవరూ కసురుకోలేదు సుమా, అందరూ బిడ్డా బిడ్డా అంటూనే పంపించారు. ఊరి చివర ఆయన కులం వాళ్ళవి నాలుగు గుడిసెలుంటే, వాటిలో ఉన్నవాళ్ళకే కాళ్ళు చాపుకునే చోటు లేదు. చివరికి మొయినాబాద్ అవతల తన సొంతూరి నుంచే సైకిలు మీద రావడం మొదలుపెట్టాడు. గంటన్నర రావడం, గంటన్నర పోవడం.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున గాలిదుమారం లేచి మా దొడ్డి వెనక తీగ తెగిపడింది. లైన్‌మన్ ఇంకా దారిలోనే ఉన్నాడు. కరెంటు బందు చేయడం ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మేతకి పోతున్న మా బర్రె ఆ తడినేల మీద కాలు పెట్టింది, అంతే, కూలిపోయింది. దాన్ని తోలుకుంటూ వెనకాల వస్తున్నది మా నాయనమ్మ. పది అడుగులు ముందు నడిచి ఉంటే మాకు నాయనమ్మే దక్కేది కాదు. తాత ఆ బర్రె పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపయ్యాక కోపమొచ్చింది. లైన్‌మన్ ఊళ్ళో ఉంటలేడు, ఉంటే ఇంత ఘోరం జరగకపోవును అని అర్జీ రాయించి, అందరికంటే ముందు తనే దస్కత్ పెట్టాడు. కూతురొచ్చే ఇంటివాళ్ళు, కప్పు కురిసే ఇంటివాళ్ళు దాని కింద వేలిముద్రలు వేశారు.

పది రోజులకి జీపులో ఆఫీసరు దిగి, మా అరుగు మీదే కుర్చీ వేయించుకున్నాడు. ఊరంతా చేరింది. లైన్‌మన్ కింద వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆఫీసరు చేతిలో టైపు కొట్టిన కాగితం ఉంది. అది సస్పెండ్ చేసే కాగితమని ఆయనే నలుగురికీ వినబడేలా చెప్పాడు.

"పనిచేసే ఊళ్ళోనే ఉండాలని రూలుందా, లేదా?" అన్నాడు.

"ఉన్నది సార్."

"మరెందుకుండటం లేదు?"

"ఇల్లు దొర్కలే సార్."

ఆఫీసరుకి నవ్వొచ్చింది. ఇంత ఊళ్ళో ఒక్క ఇల్లు దొరకలేదా, ఎవరెవరిని అడిగావో పేర్లు చెప్పు అన్నాడు.

ఆ పేర్లన్నీ లైన్‌మన్‌కి తెలుసు, ఆ మనుషులంతా అక్కడే ఉన్నారు. చెబితే రేపటి నుంచి ఊరు ఆయన్ని బతకనివ్వదు. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. ఇంట్లో పెళ్ళాం, బిడ్డ, మంచం పట్టిన తల్లి, అందరూ ఆ జీతం మీదే ఆధారపడి ఉన్నారు. ఆయన మా తాత వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఒక్క పేరూ చెప్పలేదు. ఆఫీసరు జేబులోంచి కలం తీశాడు.

మా నాయనమ్మ పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చే మనిషి కాదు. ఆ రోజు కొంగు నెత్తి మీదికి లాక్కొని గడప దాటి వచ్చింది. "ఇల్లు దొరకకేంది సార్, మా అర్ర మాట్లాడుకున్నడు. సున్నం ఏసేదాంక జర ఆగుమని మేమే అన్నం. మాతోనే ఆలస్యమైంది" అంది. ఎంత తొణకకుండా చెప్పిందో! లైన్‌మన్ బిత్తరపోయి చూస్తున్నాడు. ఆఫీసరు తాత వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, నిజమేనా?" అని అడిగాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. అది సర్కారు మనిషి ముందు పైకి అనే మాట కాదని తాతకి తెలుసు. గొంతు సవరించుకొని, "ఆఁ, గంతే సార్" అన్నాడు. వారంలో ఇక్కడ కాపురం కనబడాలని చెప్పి ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జీపు ఊరు దాటకముందే తాత అందుకున్నాడు. ఊళ్ళో ఇజ్జత్ తీసినవన్నాడు, ఇంక ఎవరు మన ఇంట్ల మంచినీళ్ళు తాగుతరన్నాడు. నాయనమ్మ నీళ్ళ గాబులో సున్నం నానబోస్తూనే జవాబిచ్చింది. "ఈడ ఉంటలేడని దస్కత్ వెట్టింది నువ్వే, ఇల్లు లేదన్నది నువ్వే. బర్రెను సంపింది తీగనా, మన మిర్చినా? జర నువ్వే చెప్పు." తాత చెప్పులేసుకొని బయటికి పోయాడు. అబద్ధమాడినంక ఒళ్ళు వంచక తప్పదే అంటూ ఆమె నా చేతికి కుంచె ఇచ్చింది. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరమే అర్రకి సున్నం కొట్టాం. నా కళ్ళు మండాయి, వేళ్ళు పొక్కాయి. లోకంలో మా నాయనమ్మంత మనిషి లేదనుకున్నాను.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. నా మనవలకి ఇంతవరకే చెబుతూ వచ్చాను. కానీ జరిగింది ఇంతే కాదు. మూడో రోజు వాళ్ళు సామానుతో దిగారు. నాయనమ్మ ఎదురెళ్ళి, బావి దగ్గరికి మీరు రావద్దమ్మా, బిందె ఇవతల పెడితే నేనే తోడి పోస్తాను అని చెప్పింది. ప్రేమగానే చెప్పింది. లైన్‌మన్ భార్య సరేనని తలూపింది. ఇల్లివ్వగలిగిన మా నాయనమ్మకి చేదతాడు ఇవ్వడానికి మనసొప్పలేదు. అప్పుడు నాకది వింతగా కూడా అనిపించలేదు.

ఆ యేడు ఇంకోసారి తీగ తెగింది. తింటున్న అన్నం వదిలేసి, ఎంగిలిచేత్తోనే పరిగెత్తి లైన్‌మన్ కరెంటు బందు చేశాడు. మనిషికీ గొడ్డుకీ ఏమీ కాలేదు. అందుకే ఆ రూలు తప్పని నేననను. పనిచేసే చోట మనిషి ఉంటే ప్రాణాలు నిలబడతాయి, కళ్ళారా చూసినదాన్ని. తాత కూడా ఆ రోజు శభాష్ అన్నాడు, అరుగు మీది నుంచే. ఎనిమిది నెలలు ఉన్నారు వాళ్ళు. తర్వాత ఆయనే బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

వాళ్ళ బిడ్డది నా ఈడే. దిగిన రోజు సాయంత్రమే మా తలుపు దాకా వచ్చి, "లోపటికి రావొచ్చా? ఆడుకుందాం" అంది. నాకూ రమ్మనాలనే ఉంది. కానీ నా నోట్లోంచి "మా ఇంట్ల జాగ లేదు" అని వచ్చింది. తాత అక్కడ లేడు. ఎవరూ నాకు సైగ చేయలేదు. మా ఇల్లెంత పెద్దదో, నడిమింట్లో ఎంత ఖాళీ ఉందో నా భుజం మీదుగా ఆ పిల్లకి కనబడుతూనే ఉంది. సరే అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలల్లో మళ్ళీ ఒక్కసారీ అడగలేదు. నేనూ పిలవలేదు.

నిన్న మా సెక్రటరీ మళ్ళీ కాగితం తెచ్చాడు. రూలు మంచిదే బాబూ, మరి వాళ్ళు ఇక్కడ ఎవరింట్లో ఉంటారు అని అడిగాను. "అది వాళ్ళు చూసుకుంటారు కదండీ" అన్నాడు. నా రెండో ఫ్లాటు రెండు నెలలుగా ఖాళీగా ఉంది, మన రోడ్డు ఊడ్చే ఆమెకి, ఆమె ఇచ్చుకోగలిగిన కిరాయికే ఇస్తాను, మీకెవరికీ అభ్యంతరం లేదు కదా అన్నాను. అతని ముఖంలో రంగు మారింది. "సంఘంలో ఒప్పుకోరేమోనండీ. అది వేరు, ఇది వేరు" అంటూ కాగితం మడుచుకొని లేచాడు.

అతను వెళ్ళాక కాసేపు నన్ను నేనే మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాత సిగ్గేసింది. ఆ ఊడ్చే ఆమెని ఆరేళ్ళుగా రోజూ చూస్తున్నాను. తెల్లారకముందే లేచి రెండు బస్సులు మారి వస్తానని ఆమే ఒకసారి చెప్పింది. ఫ్లాటు ఖాళీ అయిన ఈ రెండు నెలల్లో ఆమెకి ఇద్దామని నాకు ఒక్కనాడూ తోచలేదు. సెక్రటరీ నోరు మూయించడానికి మాత్రం టక్కున తోచింది.

ఉండమనే వాళ్ళే ఇల్లు కూడా చూపించాలని నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ మాట జీవితమంతా నలుగురికీ చెబుతూ తిరిగాను. ఆ పిల్లతో నేనన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదలు. రేపు పొద్దున ఆమె చీపురుతో వచ్చే వేళకి కిందికి దిగి, ఫ్లాటు సంగతి అడుగుతాను. సంఘం వాళ్ళు ఏమంటారో అన్న బెంగ నాకు లేదు. "నిజంగానే రమ్మంటున్నారా అమ్మా?" అని ఆమె నా ముఖంలోకి చూసి అడిగినప్పుడు, నా నోట ముందుగా ఏ మాట వస్తుందోనని భయంగా ఉంది.