దుమ్ము పడని గది

పామిడి గ్రంథాలయంలో నేను సహాయకుడిగా చేరిన రోజుల్లో, పొద్దున్నే పేపరు చదివి వినిపించడం మా సారు పని. సారంటే గ్రంథాలయాధికారి. ఆ పని చేయమని పైవాళ్ళెవరూ చెప్పలేదు. చదువురాని రైతులు, గొర్రెల కాపర్లు వచ్చి బల్ల చుట్టూ కూర్చునేవారు. సారు వాన కబుర్లు, వేరుశనగ ధరలు చదువుతుంటే వాళ్ళు పేపరుతోనే పోట్లాడేవారు. "అన్నీ అబద్ధాలే రాసినారప్పా!" అని ఒక పెద్దాయన రోజూ అరిచేవాడు. ఆ గోల నాకు విసుగు. సారుకు మాత్రం ప్రాణం.

రెండువేల సంవత్సరం దాటాక, కంప్యూటరు కావాలని సారే పైవాళ్ళ వెంటపడ్డారు. మబ్బుల సంగతి, మార్కెట్టు ధరలు ఏ రోజువి ఆ రోజే తన వాళ్ళకు చెప్పాలని ఆయన ఆశ. చివరికి వచ్చింది. దుమ్ము పడితే చెడిపోతుందని కంప్యూటరు శిక్షణలో సారుకు గట్టిగా చెప్పారట. మాకున్నది ఒకటే గది. సారు కిటికీలకు కర్టెన్లు కట్టించి, కంప్యూటరుకు పట్టుగుడ్డ కప్పి, చెప్పులు గడప బయటే విడవమన్నారు. బల్ల వరండాలోకి పోయింది. పుస్తకాల పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పనిలో పడి సారుకు పేపరు చదివే తీరిక లేకుండా పోయింది.

"కొన్నాళ్ళు ఓర్చుకోండప్పా. ఫోన్ లైను రానీ, ఇంటర్నెట్టులో ధరలన్నీ ఈడనే చూపిస్తా" అన్నారు.

చెప్పులు విడిచినా గచ్చు మీద ఎర్రమట్టి అడుగులు పడేవి. పడగానే సారు వంగి గుడ్డతో తుడిచేవారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు పాపం, తుడిచారంతే. దాంతో వాళ్ళు గడప దగ్గరే ఆగిపోయారు. "దేవునిల్లు మాదిరి చేసినాడు, మనకెందుకులేప్పా" అంటూ ఆ పెద్దాయన మెట్లు దిగాడు. మెల్లగా అందరూ దిగిపోయారు. ఫోన్ లైను రాలేదు. పగటిపూట కరెంటు సరిగా ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది, ఎవరిని తిట్టాలో తెలిసేది కాదు.

ఒకరోజు సారు పేపరు చంకలో పెట్టుకుని నన్ను టీ అంగడికి పిలుచుకుపోయారు. మావాళ్ళంతా అక్కడే ఉన్నారు. టీవీలో వార్తలు వస్తున్నాయి.

"రా సారూ, ఈడ కూర్చో" అని బెంచీ మీద జరిగారు. మర్యాదకేమీ లోటు లేదు. సారు పేపరు విప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. పెద్దాయన ఆయన మోచేతిని మెత్తగా పట్టుకున్నాడు.

"రవ్వంత ఉండు సారూ, ఆయమ్మ వాన సంగతి చెప్తాండాది."

నాకు ఏడుపొచ్చింది. సారు పేపరు మడిచి, వాళ్ళతోపాటు తలెత్తి టీవీ చూశారు.